రాయలసీమ మెట్టప్రాంతంలో పొగాకు పన్ను: బీడీకి ఇచ్చిన రాయితీ ఎవరికి చేరుతుంది?

వ్యాస సంగ్రహం: 2025 సెప్టెంబరు 3న జరిగిన 56వ జీఎస్టీ మండలి సమావేశం పొగాకు ఉత్పత్తులను 40 శాతం శ్లాబులోకి తీసుకువెళ్లాలని నిర్ణయించి, అదే నిర్ణయంలో బీడీలపై పన్నును 28 నుంచి 18 శాతానికి తగ్గించింది. సిగరెట్టు కంటే బీడీయే ఎక్కువగా కనిపించే కర్నూలు, నంద్యాల, కడప ప్రాంతాలకు ఈ తేడా ఎలా వర్తిస్తుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. పన్ను నిర్మాణాన్ని, ధర మారినప్పుడు వాడకంలో వచ్చే మార్పును, బీడీలు చుట్టే మహిళల పనిదినాలను, నాటు పొగాకు రైతు పరిస్థితిని కలిపి పరిశీలించడం జరిగింది.

కీలక పదాలు: పొగాకు పన్ను, బీడీ, జీఎస్టీ, ఎక్సైజ్, ధరల వ్యాకోచత్వం, నాటు పొగాకు, కర్నూలు, కడప.

1. ఉపోద్ఘాతం

పొగాకుపై పన్ను పెంచాలన్న ప్రతిపాదన కొత్తది కాదు. భారతదేశం 2004లో ఆమోదించిన ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ ఒడంబడికలో ఆరవ అధికరణం ధరలు, పన్నులకే కేటాయించబడింది. చిల్లర ధరలో పన్నుల వాటా కనీసం 75 శాతం ఉండాలన్నది ఆ సంస్థ చెప్పే కొలమానం. 2025 జూలైలో అదే సంస్థ పొగాకు, మద్యం, తీపి పానీయాల నిజ ధరలను 2035 నాటికి కనీసం 50 శాతం పెంచాలని దేశాలకు పిలుపునిచ్చింది. మన పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘం కూడా 2022లో కేన్సర్ చికిత్సపై సమర్పించిన నివేదికలో పన్నులు పెంచాలనీ, విడి సిగరెట్ల అమ్మకాన్ని ఆపాలనీ సూచించింది.

ఈ చర్చ సాధారణంగా సిగరెట్టు చుట్టూ తిరుగుతుంది. అయితే 2016–17 నాటి రెండో విడత ప్రపంచ వయోజన పొగాకు సర్వే ప్రకారం మన దేశంలో సిగరెట్టు తాగే వయోజనులు 4 శాతం, బీడీ తాగేవారు 7.7 శాతం, నమిలే పొగాకు వంటి పొగరాని రకాలు వాడేవారు 21.4 శాతం. ఏదో ఒక రూపంలో పొగాకు వాడేవారు దేశం మొత్తం మీద 28.6 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 20 శాతం. దేశంలో నమిలేవారు ఎక్కువ, మన రాష్ట్రంలో తాగేవారు ఎక్కువ. కనుక ఆంధ్రప్రదేశ్‌లో, అందునా కూలిపని మీద ఆధారపడిన రాయలసీమ మెట్టప్రాంతంలో, పొగాకు పన్ను గురించి మాట్లాడటమంటే ప్రధానంగా బీడీ గురించి మాట్లాడటమే. ఊరి బంకులో అగ్గిపెట్టె పక్కన ఉండే బీడీ కట్టను వదిలిపెట్టి చేసిన విశ్లేషణ ఈ జిల్లాలకు అక్కరకు రాదు.

2. పన్ను ఎక్కడ నుంచి ఎక్కడికి

పొగాకుపై కేంద్ర ఎక్సైజ్ సుంకం 1943లో, రెండో ప్రపంచ యుద్ధకాలంలో మొదలైంది. అప్పట్లో పన్ను తయారైన సరుకుపై మాత్రమే కాక ఆకు మీదే పడేది. ఆ ఆకు బీడీకి పనికివస్తుందా, హుక్కాకా, నమలడానికా అన్న దాన్ని బట్టి రేటు మారేది. ఒకే చేనులో పండిన ఆకు దేనికి పనికివస్తుందో తేల్చడం అధికారికీ రైతుకూ మధ్య తెగని వివాదంగా ఉండేది. 1979లో ముడి పొగాకుపై సుంకం రద్దు కావడంతో భారం తయారీదారు మీదికి మారింది. ఈ చరిత్రను ప్రస్తావించడానికి కారణం ఉంది. రైతు గడపలో వసూలు చేసే పన్నుకు యంత్రాంగం చాలదని ముప్పయ్యారేళ్ల అనుభవం చెప్పింది. ఆ తరువాత ఎంచుకున్న తయారీదారు గడప సిగరెట్టు విషయంలో బాగానే పనిచేసింది. వేలాది ఇళ్లలో తయారయ్యే బీడీ విషయంలో అంతగా పనిచేయలేదు. ఏడాదికి 20 లక్షల బీడీల లోపు తయారుచేసే వారికి ఎక్సైజ్ మినహాయింపు ఉండటంతో, ఒకే యజమాని సరుకు పలు చిన్న పేర్ల మీద చీలిపోవడానికి వీలు కలిగింది.

2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. పొగాకు ఉత్పత్తులన్నీ 28 శాతం శ్లాబులో చేరాయి. సిగరెట్లకు దానిపైన పరిహార సెస్సు ఉండేది. 65 మిల్లీమీటర్ల లోపు సిగరెట్టుకు విలువపై 5 శాతం, అదనంగా వెయ్యింటికి రూ.2,076 చొప్పున సెస్సు పడేది. బీడీపై మాత్రం పరిహార సెస్సు వేయలేదు.

ఇక్కడ ఒక రాజ్యాంగ విశేషాన్ని గమనించాలి. 101వ సవరణ తరువాత చాలా వస్తువులపై ఎక్సైజ్ అధికారం జీఎస్టీలో కలిసిపోయింది. కానీ ఏడవ షెడ్యూలు కేంద్ర జాబితాలోని 84వ అంశంలో పెట్రోలియం ఉత్పత్తులతో పాటు పొగాకును కూడా నిలిపి ఉంచారు. అందువల్ల పొగాకుపై జీఎస్టీ, ఎక్సైజ్ రెండూ ఒకేసారి విధించవచ్చు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కేంద్ర ఎక్సైజ్ సవరణ ఈ అధికారాన్నే వాడుకుంది. పరిహార సెస్సు తొలగిపోతున్నందున ఆ స్థానంలో సిగరెట్ల పొడవును బట్టి వెయ్యింటికి రూ.2,050 నుంచి రూ.8,500 వరకు ఎక్సైజ్ సుంకం 2026 ఫిబ్రవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. దానిపైన జీఎస్టీ 40 శాతం. పాన్ మసాలాపై ఆరోగ్య, జాతీయ భద్రతల పేరిట వేరే సెస్సు విధించారు. బీడీపై జీఎస్టీ 18 శాతం, బీడీ ఆకుపై 18 నుంచి 5 శాతానికి తగ్గింపు.

ఈ మార్పులో రాష్ట్రాలకు ఒక మేలు ఉంది, దానిపై జరగవలసినంత చర్చ జరగలేదు. సెస్సు రాష్ట్రాలతో పంచుకునే నిధిలోకి రాదు. మౌలిక ఎక్సైజ్ సుంకం వస్తుంది. ఆర్థిక సంఘం నిర్ణయించిన 41 శాతం వాటా సూత్రం దానికి వర్తిస్తుంది. అంటే సిగరెట్టుపై ఎక్సైజ్ పెరిగితే అందులో కొంత అమరావతికి చేరుతుంది. బీడీపై తగ్గిన జీఎస్టీలో సగం మాత్రం, వాడకం జరిగిన రాష్ట్రానికి రావలసినది కనుక, అదే అమరావతి ఖాతాలోంచి పోతుంది.

3. కట్ట బీడీల లెక్క

నిర్ణయం ప్రభావం అర్థం కావడానికి ఒక ఊహాలెక్క తీసుకుందాం. పాతిక బీడీల కట్టకు పన్ను లేని ధర రూ.20 అనుకుందాం. 28 శాతం పన్నుతో దాని ధర రూ.25.60. 18 శాతంతో రూ.23.60. బీడీని కూడా ఇతర పొగాకుతో సమానంగా 40 శాతంలో పెట్టి ఉంటే రూ.28 అయ్యేది. చిల్లర ధరలో పన్ను వాటా 28 శాతం రేటు వద్ద దాదాపు 22 శాతం, ఇప్పుడు 15 శాతం పైచిలుకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే 75 శాతానికి ఇది ఎంత దూరమో చెప్పనక్కరలేదు. 18 శాతం రేటు వద్ద ఒక్కొక్క బీడీపై పడే పన్ను 14 పైసల చిల్లర. అతి చిన్న సిగరెట్టుపై ఎక్సైజ్ ఒక్కటే రూ.2.05. జీఎస్టీని లెక్కలోకి తీసుకోకపోయినా పద్నాలుగు రెట్లు.

ధర మారితే వాడకం ఎంత మారుతుంది? రిజో ఎం. జాన్ 2008లో ప్రచురించిన అంచనాల ప్రకారం భారతదేశంలో బీడీ ధర వ్యాకోచత్వం సుమారు 0.9, సిగరెట్టుది 0.2 నుంచి 0.35 లోపు. అంటే ధర 10 శాతం పెరిగితే బీడీ వాడకం 9 శాతం దాకా తగ్గుతుంది, సిగరెట్టు వాడకం రెండు, మూడు శాతమే తగ్గుతుంది. పన్నుకు లొంగే వస్తువు బీడీ, అంతగా లొంగనిది సిగరెట్టు. మన విధానం మాత్రం లొంగని దానిపై పన్ను పెంచి, లొంగే దానిపై తగ్గించింది.

ఈ వ్యాకోచత్వాన్ని పై లెక్కకు అన్వయిస్తే, 28 నుంచి 18 శాతానికి తగ్గించడం వల్ల ధర 7.8 శాతం తగ్గి, వాడకం 7 శాతం పెరుగుతుంది. మునుపు 100 కట్టలపై రూ.560 వచ్చే పన్ను, ఇప్పుడు 107 కట్టలు అమ్ముడైనా రూ.385కు పడిపోతుంది. ఆదాయమూ పోయింది, వాడకమూ పెరిగింది. తగ్గింపు మొత్తం కొనుగోలుదారుకు చేరుతుందన్న ఊహ మీద ఈ లెక్క ఆధారపడి ఉంది. చేరకపోతే ఆ రెండు రూపాయలు తయారీదారు లేదా వ్యాపారి లాభంలో కలుస్తాయి. అప్పుడు వాడకం పెరగకపోవచ్చు గానీ, ఖజానాకు నష్టం తప్పదు.

పేదవాడి మీద భారం అన్న అభ్యంతరాన్ని ఇక్కడ పరిశీలించాలి. 2025–26లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ దినవేతనం రూ.307. రోజుకొక కట్ట కాల్చే కూలీ, మనం అనుకున్న ధరల ప్రకారం, ఆ వేతనంలో దాదాపు 8 శాతం బీడీలకే పెడుతున్నాడు. ధర రూ.28 అయితే, మానుకోనివాడు 9 శాతం పెట్టవలసి వస్తుంది. ఇది నిజమైన భారమే, దాన్ని తేలికగా కొట్టిపారేయడం తగదు. అయితే వ్యాకోచత్వం ఒకటికి దగ్గరగా ఉన్నప్పుడు ఆ వర్గం మొత్తం మీద బీడీలకు పెట్టే ఖర్చు పెద్దగా మారదు. కొందరు తగ్గిస్తారు లేదా మానేస్తారు, మిగిలినవారు ఎక్కువ చెల్లిస్తారు. భారం ధనికుల నుంచి పేదలకు మారడం కంటే, మానినవారి నుంచి మానలేని వారికి మారుతుంది. కాబట్టి మానలేనివారికి సహాయం అందించే ఏర్పాటు లేకుండా పన్ను మాత్రమే పెంచడం సగం పనే అవుతుంది. బీడీ మానాలనుకున్న ఆదోని కూలీకి సలహా ఇచ్చే కేంద్రం ఎంత దూరంలో ఉన్నదన్నది పన్ను రేటుతో సమానమైన ప్రశ్న.

4. రాతిధూళి, పొగ

ఈ ప్రాంతపు ఆర్థిక జీవనంలో రాయికి ఉన్న స్థానం వల్ల పొగాకు హాని ఇక్కడ మరింత తీవ్రమవుతుంది. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల, జమ్మలమడుగు పరిసరాల్లో నాపరాయి తవ్వకం, కోత, పాలిష్ పనుల్లో పనిచేసేవారు రోజంతా ధూళిలో ఉంటారు. ధూళి పీల్చే ఊపిరితిత్తికి పొగ తోడైతే దీర్ఘకాలిక శ్వాస వ్యాధులు పెరుగుతాయి. పొగతాగడం క్షయ ముప్పునూ పెంచుతుంది. ఇవి వైద్యశాస్త్రం నిర్ధారించిన విషయాలు. 2017–18లో పొగాకు వల్ల దేశానికి కలిగిన ఆర్థిక నష్టాన్ని రూ.1,77,341 కోట్లుగా, స్థూల దేశీయోత్పత్తిలో ఒక శాతానికి పైగా, పరిశోధకులు అంచనా వేశారు. ఆ నష్టంలో ఈ జిల్లాల వాటా ఆసుపత్రి రికార్డుల్లో చెదురుమదురుగా ఉంది. కర్నూలులో రాష్ట్ర కేన్సర్ సంస్థ ఏర్పడిన నేపథ్యంలో, రోగి వృత్తినీ పొగాకు అలవాటునూ కలిపి నమోదు చేసే చిన్న అధ్యయనం ఒకటి పరిశోధక విద్యార్థులకు మంచి అంశం కాగలదు.

5. చుట్టే చేతులు

బీడీ పన్ను తగ్గింపునకు చూపే ప్రధాన కారణం కార్మికులు. కేంద్ర కార్మిక శాఖ లెక్కల్లో దేశవ్యాప్తంగా దాదాపు 50 లక్షల మంది బీడీ కార్మికులున్నారు. వారిలో అత్యధికులు ఇంటి వద్ద పనిచేసే మహిళలు. రాయలసీమ పట్టణాల పేద వాడల్లో కూడా ఈ పని ఉంది. కంట్రాక్టరు ఆకు, పొగాకు, దారం తూకం వేసి ఇస్తాడు. కత్తిరించి, నింపి, చుట్టి, దారం కట్టి వెయ్యి లెక్కన అప్పగిస్తారు. ఆకు నాసిరకమైతే, బీడీలు తీసివేతకు గురైతే, నష్టం చుట్టినవారిదే. వారి కూలి వెయ్యింటి లెక్క.

పన్ను తగ్గితే ఈ కూలి పెరుగుతుందా? పెరిగే మార్గం ఏదీ చట్టంలో లేదు. కూలి కనీస వేతనాల నోటిఫికేషన్ ద్వారా, ఆ పైన బేరం ద్వారా నిర్ణయమవుతుంది. జీఎస్టీ రేటుకూ దానికీ సంబంధం లేదు. కార్మికురాలికి పన్ను నుంచి నేరుగా ప్రయోజనం అందించిన ఏర్పాటు ఒకటుండేది. 1976 నాటి బీడీ కార్మికుల సంక్షేమ సెస్సు చట్టం కింద వెయ్యి బీడీలకు రూ.5 చొప్పున వసూలు చేసి, దానితో వైద్యశాలలు, పిల్లల ఉపకార వేతనాలు, గృహ నిర్మాణ సహాయం నడిపేవారు. జీఎస్టీకి దారి ఇస్తూ 2017లో ఆ సెస్సును రద్దు చేశారు. అంటే కార్మికుల పేరు చెప్పి పన్ను తగ్గించిన వ్యవస్థే, అంతకు ఎనిమిదేళ్ల ముందు కార్మికులకు నేరుగా చేరే పన్నును తీసివేసింది. నా దృష్టిలో ఈ చర్చ మొత్తంలో అత్యంత బలహీనమైన వాదన ఇదే.

అయితే పన్ను పెంచితే పని తగ్గుతుందన్నది వాస్తవం. దాన్ని దాచకూడదు. పై లెక్క ప్రకారమే 18 నుంచి 40 శాతానికి పెంచితే కట్ట ధర 18.6 శాతం పెరిగి, వాడకం దాదాపు 17 శాతం తగ్గుతుంది. ఇంత పెద్ద మార్పుకు ఒకే వ్యాకోచత్వం వర్తిస్తుందని ఖాయంగా చెప్పలేము గానీ, పరిమాణం తెలియడానికి ఇది చాలు. నెలకు 25 రోజులు పని దొరికే కార్మికురాలికి నాలుగు రోజుల పని పోతుంది. నెలకు నాలుగు రోజుల కూలి అంటే ఆ ఇంట్లో పాలు, పిల్లల పుస్తకాలు.

మరి పెరిగే ఆదాయం ఎంత? ఇప్పుడు 100 కట్టలపై వచ్చే రూ.360 పన్ను, 83 కట్టలకు పడిపోయినా రూ.8 చొప్పున దాదాపు రూ.665 అవుతుంది. అదనంగా రూ.305. తగ్గిన 17 కట్టల్లో సుమారు 420 బీడీలు. వెయ్యి బీడీల కూలి రూ.250 అనుకుంటే పోయిన కూలి రూ.105. అంటే అదనంగా వచ్చే పన్నులో దాదాపు మూడో వంతును కేటాయిస్తే, కార్మికురాలు పోగొట్టుకున్న కూలిని పూర్తిగా భర్తీ చేయవచ్చు. మిగిలిన రెండు వంతులు ఆరోగ్యానికో మరొకదానికో మిగులుతాయి. కూలి రేటు, పన్ను లేని ధర మారితే ఈ నిష్పత్తి మారుతుంది. రద్దయిన సెస్సు వంటి ప్రత్యేక నిధి తిరిగి ఉంటేనే ఆ మూడో వంతు చేతికి అందుతుందన్నది మాత్రం మారదు. ఫిలిప్పీన్స్ 2012లో పొగాకు, మద్యం పన్నులను సంస్కరించినప్పుడు అదనపు ఆదాయంలో ఎక్కువ భాగాన్ని పేదల ఆరోగ్య బీమాకు, కొంత భాగాన్ని పొగాకు పండించే ప్రాంతాలకు చట్టంలోనే కేటాయించింది. మన 84వ అంశం కింద కూడా అటువంటి ఏర్పాటుకు రాజ్యాంగపరమైన అడ్డంకి లేదు.

6. నిషేధించిన వాటిపై పన్ను

వేపింగ్ పరికరాలపై పన్ను గురించి బయటి దేశాల్లో చర్చ తీవ్రంగా ఉంది. బ్రిటన్ వేపింగ్ ద్రవంపై 10 మిల్లీలీటర్లకు 2.20 పౌండ్ల సుంకాన్ని 2026 అక్టోబరు 1 నుంచి విధించాలని నిర్ణయించింది. మన దేశంలో ఆ ప్రశ్నే తలెత్తదు. 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సుగా, డిసెంబరులో చట్టంగా వచ్చిన ఎలక్ట్రానిక్ సిగరెట్ల నిషేధం తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటనలన్నింటినీ నేరంగా ప్రకటించింది. మొదటి నేరానికి ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ. కళాశాల అధ్యాపకులు ఈ చట్టాన్ని తెలుసుకుని ఉండటం మంచిది. విద్యార్థుల్లో చాలామంది దీన్ని నిషిద్ధ వస్తువుగా కాక ఖరీదైన వస్తువుగానే ఎరుగుదురు.

గుట్కా కథ ఇంతకంటే విచిత్రం. ఆహార భద్రతా నిబంధనల ఆధారంగా రాష్ట్రాలు దాన్ని నిషేధించాయి. అయినా జీఎస్టీ పట్టికలో దానిపై 204 శాతం సెస్సు ఉండేది, కొత్త ఎక్సైజ్ నిబంధనల్లోనూ గుట్కా ప్యాకింగ్ యంత్రాల ప్రస్తావన ఉంది. నిషేధాన్ని దాటడానికి పాన్ మసాలాను ఒక పొట్లంలో, పొగాకును మరొక పొట్లంలో అమ్మడం అందరికీ తెలిసిన ఉపాయం. కర్నూలుకు ఒకవైపు కర్ణాటక, మరొకవైపు తుంగభద్ర దాటితే తెలంగాణ. పన్ను పెంచితే దొంగ సరుకు పెరుగుతుందన్న హెచ్చరిక ఇక్కడ తరచూ వినిపిస్తుంది. కానీ రాష్ట్రానికో వ్యాట్ రేటు ఉన్న కాలంలో ఆ వాదనకు ఉన్న బలం జీఎస్టీ తరువాత తగ్గింది. ఆదోనిలో, రాయచూరులో పన్ను రేటు ఒకటే. ఇప్పుడు సరిహద్దు దాటేది పన్ను కట్టని సరుకు లేదా నిషిద్ధ సరుకు. దాన్ని ఆపవలసింది తనిఖీతో తప్ప రేటు తగ్గింపుతో కాదు.

7. ఆకు పండించేవారు

గుంటూరు కేంద్రంగా 1976 నుంచి పనిచేస్తున్న పొగాకు బోర్డు వర్జీనియా పొగాకును మాత్రమే నియంత్రిస్తుంది, వేలం కేంద్రాల్లో అమ్మిస్తుంది. కర్నూలు, నంద్యాల నల్లరేగడి భూముల్లో వానాకాలం చివర నాటి, నేలలోని పదునుతోనే పండించే నాటు పొగాకు, బీడీ పొగాకు ఆ గొడుగు కిందికి రావు. నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం ఈ రకాలపై దీర్ఘకాలంగా పరిశోధన చేస్తోంది. అమ్మకం మాత్రం వ్యాపారి చేతిలోనే ఉంది. బోర్డు పరిధిలో లేని రకం ఎంత ప్రమాదమో 2025లో నల్ల బర్లీ రైతులు చవిచూశారు. ముందు ఏడాది ధర చూసి విస్తీర్ణం పెంచారు, కంపెనీలు కొనుగోలు తగ్గించాయి, చివరకు రాష్ట్ర ప్రభుత్వం మార్క్‌ఫెడ్ ద్వారా కొనవలసి వచ్చింది. ఆ పతనానికి కారణం పన్ను కాదు. పన్ను పెంచితే రైతు దెబ్బతింటాడని వాదించేవారు ఈ సంగతిని గుర్తుంచుకోవాలి.

బీడీ వాడకం తగ్గితే నాటు పొగాకు రైతుకు గిరాకీ తగ్గడం నెమ్మదిగా, కొన్నేళ్లలో జరుగుతుంది. ఇంటి వద్ద బీడీలు చుట్టే మహిళకు లేని ఒక వెసులుబాటు రైతుకు ఉంది. అదే నేలలో మరొకటి పండించవచ్చు. గత ముప్పై ఏళ్లలో కర్నూలు నల్లరేగడి పొలాలు అనేకం జేజీ–11 వంటి రకాలతో శనగకు మారాయి. పొగాకు లాగానే శనగ కూడా వానలు వెనుకబట్టాక విత్తి, మంచుతో, పదునుతో పండే పంటే. కౌలు రైతు విషయం కొంత వేరు. పొగాకుకు పెట్టుబడిని వ్యాపారి ముందుగా అప్పిచ్చి, ఆకు రూపంలో రాబట్టుకుంటాడు. శనగకు అటువంటి అప్పు దొరకదు, బ్యాంకు కౌలుదారుకు ఇవ్వదు. అతను పంట మార్చకపోవడానికి కారణం నేల కాదు, విత్తనం కాదు, సీజను మొదట్లో చేతికి అందే ఆ డబ్బు.